సింహాచలం కోసిన రేకులు

హారిక మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు పాత న్యూస్‌పేపర్లో చుట్టిన రేకు ఒకటి తెచ్చింది. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన పాత ఇనప సామాన్లు కొనే కొట్లో, విరిగిన కుర్చీల కింద దొరికిందట. బల్ల మీద పెట్టి, చంటిపిల్ల పొత్తిగుడ్డలు విప్పుతున్నంత నెమ్మదిగా కాగితం విప్పింది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు, అంచులన్నీ తుప్పు. కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే అక్షరాలున్న చోటల్లా వెలుతురు వచ్చింది. విశాఖపట్నం అని చదువుకున్నాను. కింద మూలన మేకుతో గీసిన వంకర అక్షరాలు ఇంకో నాలుగున్నాయి.

“సింహాచలం అని ఉంది చూడండి మేడం. మీరు ఆదివారం పత్రికలో రాసిన సింహాచలం ఈయనేనా?” అని అడిగింది.

“అవును,” అన్నాను.

అప్పుడే వంటింట్లోంచి అత్త టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఒకటి హారిక ముందు, ఒకటి నా ముందు పెట్టింది. రేకు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. “సల్లారిపోద్ది, తాగండి,” అనేసి వెళ్ళిపోయింది. “మీ అమ్మగారా మేడం?” అని హారిక అడిగితే, “మా మేనత్త,” అన్నాను. పేరు చెప్పలేదు. మా అత్త పేరు సింహాచలం.

మా ప్రాంతం వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కొండ మీద దేవుడి పేరు ఆడపిల్లకీ పెడతాం, మగపిల్లాడికీ పెడతాం. ఒకే వీధిలో ఇద్దరు సింహాచలాలుంటే ఒకరు మీసాలు దువ్వుకుంటూ ఉంటారు, ఇంకొకరు వాకిట్లో కళ్ళాపి చల్లుతూ ఉంటారు. పేరు చూసి ఆడో మగో పోల్చుకోలేం. ఆ పేరు తర్వాత వచ్చే మాట చివర ‘డు’ ఉందా, ‘ది’ ఉందా చూసుకోవాలి. నా చిన్నతనమంతా ఆ ఒక్క అక్షరం మీదే నడిచింది. దాన్ని గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను, ప్రతిసారీ ఏదో వంక పెట్టుకుని లేచిపోయాను.

హారిక యారాడ పిల్ల. వాళ్ళ తాత ఇప్పటికీ సముద్రం మీద వేటకి వెళ్తాడు. రుషికొండ వైపు ఒక కాలేజీలో డిజైన్ చరిత్ర చదివి, అందులోనే పరిశోధన చేస్తోంది. రాజులూ యుద్ధాలూ కాదు, రోజూ చేత్తో పట్టుకునే వస్తువులకి ఆ రూపం ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు అనే చరిత్ర అది. పూర్వం రేవుకి వచ్చే బస్తాల మీదా, చెక్కపెట్టెల మీదా నల్లసిరాతో మార్కాలు కొట్టేవారు. అక్షరాల ఆకారంలో చిల్లులు కోసిన రేకుని బస్తా మీద ఆనించి, బ్రష్షుతో సిరా పూస్తే పేరు పడేది. బస్తా చిరిగితే మార్కా పోయినట్టే కనక వాటిని ఎవరూ దాచలేదు. రేకులే కొన్ని మిగిలాయి. అవి వెతికి తెచ్చి వాటి కథ రాయడం హారిక వంతు. బొమ్మలు వేయడం నా వంతు. ముప్పై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు టీచరుగా చేసిన చెయ్యి కదా, ఊరికే కూర్చోదు. రెండూ కలిపి అచ్చు వేయించి, కాగితాలు మేమే మడతపెట్టి, మేమే దారంతో కుట్టి పుస్తకం చెయ్యాలనుకున్నాం.

ఆరు నెలలపాటు ఆ పిల్ల వారానికి రెండుసార్లు వచ్చింది. రేకుల మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలు పొడి రుద్దితే అక్షరాలు పొగలోంచి వచ్చినట్టు తేలేవి. ఇద్దరం చిన్నపిల్లల్లా సంబరపడేవాళ్ళం. అత్త టీ ఇచ్చేది, ఓ పక్కన కూర్చుని తోటకూర బాగుచేసుకునేది. ఒకరోజు నేను ఉలి పట్టుకున్న చెయ్యి బొమ్మ వేస్తుంటే వెనకాల నిలబడి, “ఉలి అలా పట్టుకుంటే బొటనేలు ఎగిరిపోద్ది. కిందకి దించు,” అంది. “మామ్మకి తెలీనిది లేదు!” అని హారిక నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నా చిన్నప్పుడు కంచరపాలెంలో మా ఇంటికి రెండే గదులు. వెనకాల పెంకుల పంచ. ముందుగదిలో నాన్న రాత బల్ల, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బెంచీ ఉండేవి. ముందుగదికీ పంచకీ మధ్య తలుపు లేదు, గోనెసంచులు కుట్టి కట్టిన పరదా మాత్రం ఉండేది. ఆ పరదా వెనక చింతమొద్దు ముందు అత్త. పొద్దున్నే గూడ్సు బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడుకి లేచేవాళ్ళం. అత్త చోడి అంబలిలోకి ఉల్లిపాయ నంజుకుని తాగి, కొంగు బిగించి కూర్చునేది. ఇక మధ్యాహ్నం దాకా రేకు మీద ఉలి, టిక్కు టిక్కు టిక్కు. ఆ చప్పుడు వింటూ నేను జడ వేయించుకున్నాను, ఎక్కాలు నేర్చుకున్నాను, జ్వరం వచ్చి పడుకున్నాను. బడికి సెలవులిచ్చినప్పుడు అమ్మమ్మగారి ఊరు వెళితే ఆ చప్పుడు లేక నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంట్లో రెండు వాసనలుండేవి. ఒకటి అమ్మ కాచే అవిసె నూనెది. పెద్ద పెద్ద మార్కాలకి రేకు చాలకపోతే దళసరి అట్టని ఆ నూనెలో నానబెట్టి ఆరేసేవాళ్ళు. అప్పుడు సిరా తగిలినా అట్ట మెత్తబడదు. రెండోది అమ్మే వండే నెత్తళ్ళ పులుసుది. ఒకే పొయ్యి కావడంతో ఒకదాని తర్వాత ఒకటి ఎక్కేవి. చాలా ఏళ్ళ దాకా ఎవరింట్లో చేపల పులుసు తిన్నా ఏదో తక్కువైనట్టుండేది. తక్కువైంది అవిసె నూనె వాసన అని పెళ్ళయ్యాక గానీ తెలుసుకోలేకపోయాను. అది మా ఆయనకి చెప్తే ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

నాన్నది అందమైన రాత. చెవి మీద పెన్సిలు, జేబులో ముక్కుపొడుం డబ్బీ. గోడౌన్ల చుట్టూ తిరిగి ఎవరికి ఏ మార్కా కావాలో కనుక్కొచ్చి, కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాడు. ఆ కాగితాన్ని అన్నం మెతుకులతో రేకుకి అంటించి పరదా కిందనుంచి లోపలికి తోసేవాడు. అత్త ఉలితో కోసి, అంచులు ఆకురాయితో రాసి ఇచ్చేది. దాన్ని న్యూస్‌పేపరు మీద ఆనించి సిరా కొట్టి, అచ్చు సరిగ్గా పడిందో లేదో చదివి చెప్పడం నా పని. చదవడం ఎందుకంటే, అత్తకి చదువు రాదు. బొత్తిగా రాదు. ఆవిడకి అక్షరాలు ఆకారాలే. ‘జ’ని బాతు అనేది, ‘ట’ని కొక్కెం అనేది. నేను పంచలో కూర్చుని గుణింతం వల్లెవేస్తే మాత్రం సుత్తి ఆపి వినేది. కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. “గుడంటే పైనెడతారు గదా, కొమ్మంటే పక్కన ఎడతారు గదా,” అని రేకు మీద చూపించి సరిచూసుకునేది. గుడి ఇస్తే ఏ శబ్దమొస్తుందో, కొమ్మిస్తే ఏ శబ్దమొస్తుందో అలా వినీ వినీ పట్టేసింది. అంతకు మించి నేర్పుతానంటే, “నాకు కొయ్యడం సాలు, నువ్వు సదువుకో గుంటా,” అని నా వీపు మీద ఒకటి చరిచేది.

రేకు కోయడంలో ఉన్న చిక్కంతా సున్నాలోనే ఉంది. సున్నాని గుండ్రంగా కోసేస్తే మధ్యలో ఉన్న బిళ్ళ రాలిపోతుంది. బస్తా మీద సున్నాకి బదులు నల్లటి మచ్చ పడుతుంది. ఆ బిళ్ళని అత్త ‘బొడ్డు’ అనేది. బొడ్డు రాలకుండా సన్నటి రేకు ముక్కని అటూ ఇటూ కోయకుండా వదిలిపెట్టాలి. దాన్ని ‘పేగు’ అనేది. మన అక్షరాల్లో బొడ్లు చాలా ఎక్కువ. మకో బొడ్డు, యకో బొడ్డు, వకో బొడ్డు. పేగు మరీ సన్నమైతే తెగుతుంది, లావైతే అక్షరం వికారంగా తయారవుతుంది. మిగతా చోట్ల కోసే రేకుల్లో పేగులు నిలువుగా, కొలిచినట్టుండేవి. అత్త ఎడంచేతి వాటం కావడంతో ఆవిడ పేగులు కాస్త ఏటవాలుగా పడేవి. అక్షరాలు గాలికి వాలినట్టు కనపడేవి. ఇన్నేళ్ళ తర్వాత హారిక గుట్టగా పోసిన రేకుల్లోంచి అత్త కోసినవి నేను కళ్ళు మూసుకుని తడిమి తీసేస్తుంటే, “మీకెలా తెలుస్తోంది మేడం?” అని ఆ పిల్ల నోరు వెళ్ళబెట్టింది. పేగు వాలు చెప్పాను. ఎడంచెయ్యి ఎవరిదో చెప్పలేదు.

అత్త ఒకే ఒక్క తప్పు చేసింది, అది కూడా నాన్న వల్లే. ఏజెన్సీ కొండల నుంచి చింతపండు తెప్పించే వర్తకుడికి మార్కా కావాలి. నాన్న తొందరలో ‘చింతపడు’ అని రాసేసి, చూసుకుని, ‘డు’కి ముందు కింద హంసపాదు వేసి పైన సున్న ఇరికించాడు. అత్త హంసపాదుతో సహా కోసేసింది. ఆ గీతేదో అక్షరంలో భాగమే అనుకుంది. ఆ పూట నేను బళ్ళో ఉన్నాను, అచ్చు చదివేవాళ్ళు లేరు. రేకు రేవుకి వెళ్ళిపోయింది. చింతపండు బస్తాలన్నీ హంసపాదుతో గోడౌన్లో వరసగా నిలబడ్డాయి. నాన్న తల పట్టుకుని, “అప్పా, కొంప ముంచీసినావే,” అన్నాడు. “నువ్వు రాసిందే కదరా నాను కోసినాను!” అని అత్త. వర్తకుడు మాత్రం తర్వాతి విడతకీ ఆ పక్షి కాలు ఉన్న మార్కాయే కావాలన్నాడు. వంద బస్తాల్లో తనవి ఏవో దూరం నుంచే తెలుస్తున్నాయట. మా ఇంట్లో ఇప్పటికీ చింతపండుని హంసపాదు అనే అంటాం.

అత్త పరదా వెనక ఎందుకుందో చెప్పాలి. విజయనగరం అవతల ఒక పల్లెలో ఆవిడ మొగుడు ఉండేవాడు. చెయ్యి దురుసు మనిషి. ఒకరోజు అత్త ఒక గుడ్డసంచీతో మా గుమ్మంలో దిగింది. “నాను ఈడున్నానని ఎవులికీ తెలీకూడదు తమ్ముడా,” అని ఒకటే మాట అడిగింది. అలాగేనని నాన్న మాటిచ్చాడు. పరదా అప్పుడు కట్టిందే. ఊరికే కూర్చోలేక అత్త ఉలి అందుకుంది. నాన్న కంటే బాగా కోసింది. వచ్చినవాళ్ళు లోపలి చప్పుడు విని ఎవరని అడిగితే, “మా సింహాచలం, పని సేత్తన్నాడు,” అనేవాడు నాన్న. పేరు అబద్ధం కాదు. చివరి అక్షరమే అబద్ధం. నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పాడు: “పాపా, ఎవులడిగినా ఉన్నాడు అనాల. ఉన్నాది అన్నావంటే అత్తని అట్టుకుపోతారు.” ఆ రోజునుంచి నా నోట ‘డు’ తప్ప ఇంకోటి రాలేదు. కలలో కూడా అత్త ‘వచ్చాడు’ అనే కలవరించేదాన్నని అమ్మ చెప్పేది.

కొన్నాళ్ళకి ఆ మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడని, ఇటు తొంగి కూడా చూడడని కబురొచ్చింది. అప్పుడు పరదా తీసెయ్యాల్సింది. తీయలేదు. అప్పటికి గోడౌన్లలో సింహాచలం రేకు అంటే పేరు వచ్చేసింది. “మగోడి సెయ్యంటే అదీ, ఉలి దెబ్బ ఎలాగుందో సూడు!” అని గుమాస్తాలు నాన్న ముందే అనేవారు. నాన్న ఏమీ అనలేక నవ్వేవాడు. ఆడమనిషి కోసిందని తెలిస్తే ఈ మెప్పంతా ఎటు పోతుందోనని ఆయన భయం. చెడ్డవాడు కాదు మా నాన్న. అక్కకి ముందు వడ్డించకుండా ఏనాడూ కంచం ముందు కూర్చోలేదు. కానీ అక్క కోసం మొదలైన అబద్ధం ఎప్పుడు తన కోసం అయిపోయిందో ఆయన చూసుకోలేదు. మేమెవ్వరం చూసుకోలేదు.

నాకు పదకొండో ఏడు నడుస్తోంది. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం నాన్న రేవుకి వెళ్ళాడు, అమ్మ కుళాయి దగ్గర ఉంది. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన మా గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో కాంట్రాక్టు కంపెనీ తరఫు మనిషి. ఆయన చేతిలో అత్త కోసిన రేకు ఉంది. దాని మూలన అత్త మేకుతో గీసుకున్న పేరు ఉంది. ఆ పేరు గీయడం నేర్పింది నేనే. “నా పేరులో రెండు బొడ్లున్నాయే!” అని అత్త మురిసిపోయి, ప్రతి రేకు మీదా గీసుకునేది.

“ఈ సింహాచలం ఇక్కడేనా పాపా?” అని ఆయన అడిగాడు. తమ దగ్గర ఇనప దూలాల మీద నంబర్లు వేయడానికి రేకులు కోసేవాళ్ళు కావాలని, ఇంత శుభ్రంగా కోసే చెయ్యి తను ఎక్కడా చూడలేదని, షెడ్డు ఇస్తామని, అక్కడ పది మందికి ఈ పని నేర్పిస్తే చాలని నాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. తర్వాత పరదా వైపు చూశాడు. “లోపల కోస్తున్నది ఎవరు?”

“మా మావయ్య. పని సేత్తన్నాడు,” అన్నాను.

పరదా వెనక టిక్కు టిక్కు ఆగిపోయింది.

“అయితే ఒకసారి పిలువు.”

పిలిస్తే పరదా తొలగించుకుని చీర కట్టుకున్న మనిషి వస్తుంది. నాన్న పరువు పోతుంది. లేదా అత్తని ఎవరో పట్టుకుపోతారు. ఆ వయసులో రెండూ ఒకటే నాకు. “లేడు. ఇప్పుడే వెనక దారిన ఊరెల్లిపోనాడు,” అన్నాను. ఆయన నవ్వాడు. అబద్ధమని తెలిసే నవ్వాడనుకుంటాను. ఒక చీటీ రాసి ఇచ్చి, మీ మావయ్య వచ్చాక ఇవ్వమని వెళ్ళిపోయాడు. సాయంత్రం నాన్నకి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, ముక్కుపొడుం డబ్బీ ఉన్న జేబులో పెట్టుకున్నాడు. దాని మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అత్త రోజూలాగే నాకు జడ వేసింది, ఆ వేళ కాస్త బిగుతుగా వేసింది.

తర్వాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి. సంచీతో పాటే పేరు అచ్చయి వస్తోంది, రేకుతో ఎవరికి పని? చప్పుడు ఒక్కరోజులో ఆగలేదు. వారానికి నాలుగు రోజులుండేది, తర్వాత రెండు, తర్వాత పండక్కి ముందర మాత్రం. చివరికి చింతమొద్దు మీద అమ్మ చేపలు కోసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు రేవులో ఇళ్ళంత పెట్టెలు క్రేన్లతో లేస్తాయి, వాటి మీద నంబర్లు మనుషులు చదువుకోడానికి కాదు. హారిక ఒకసారి వాళ్ళ కాలేజీకి తీసుకెళ్ళి అట్ట కోసే మిషను చూపించింది. మీట నొక్కితే అర నిమిషంలో అక్షరం కోసేసింది. ‘విశాఖపట్నం’ కోయించి అట్ట పైకెత్తితే బొడ్లన్నీ నేల మీద రాలాయి. “పేగు పెట్టమని దానికి నేనే చెప్పాలి మేడం, మర్చిపోయాను,” అని హారిక నాలిక కరుచుకుంది. మిషనులో తప్పేం లేదు. దానికి వీపు మీద చరిచేవాళ్ళు లేరు, అంతే.

అమ్మా నాన్నా పోయాక అత్త నా దగ్గరే ఉంటోంది. నేనే ఆవిడ దగ్గర ఉంటున్నానని ఆవిడ వీధిలో చెప్పుకుంటుంది. నాన్న బతికుండగా నేను ఆదివారం పత్రికకి మా ఇంటి పని గురించి ఒక వ్యాసం రాశాను. రాస్తూ రాస్తూ అత్త దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నాన్న చదువుతాడు, గోడౌన్ల వాళ్ళు చదువుతారు. ‘సింహాచలం అనే ఆయన కోసేవాడు’ అని రాసి పంపేశాను. నాన్న చదివి, “బాగా రాసావు పాపా,” అని మొహం తిప్పుకున్నాడు. “ఏటి రాసినావే?” అని అత్త అడిగితే, “నాన్న గురించి,” అన్నాను. పదకొండేళ్ళప్పుడు చెప్పింది పిల్లచేష్ట అని సరిపెట్టుకోవచ్చు. నలభై దాటాక రాసినదానికి ఏం పేరు పెట్టుకోను? హారిక ఆ వ్యాసం చదివే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. తన పుస్తకం మొదటి వాక్యం అందులోంచే పుట్టింది.

అచ్చు కాగితాలు వచ్చిన రోజు ముగ్గురం చాప మీద కూర్చున్నాం. మొత్తం వంద కాపీలు. నేను దారానికి మైనం రాస్తున్నాను, హారిక దబ్బనంతో చిల్లులు పెడుతోంది, అత్త కాగితాలు మడిచి మడత మీద చెంచా వెనకవైపుతో రుద్దుతోంది. ఎనభైకి దగ్గరపడ్డ ఆ వేళ్ళు వంకరపోయాయి గానీ ఒక్క మడత కూడా పక్కకి పోలేదు. “పాపం మామ్మ ఇంత పని చేస్తోంది, అందులో ఏముందో చదివి వినిపించండి మేడం,” అంది హారిక.

మొదటి పేజీ తీశాను. ‘ఈ రేకులు కోసినవాడు సింహాచలం’ అని ఉంది. నేను, “ఈ రేకులు కోసినది సింహాచలం,” అని చదివాను. హారిక తలెత్తి చూసింది. నేను పొరపాటున చదివాననుకుంది.

“మల్లీ సదువు,” అంది అత్త.

మళ్ళీ అలాగే చదివాను.

“అదెక్కడున్నాది, సూపించు.” కాగితం లాక్కుంది. నేను వేలు పెట్టి చూపించిన చోట తన వేలు పెట్టింది. గోటితో అక్షరం చుట్టూ ఒకసారి తిప్పింది. “కోసినది అంటన్నావు. ఆఖర్న గుడుండాల గదా. ఇక్కడ కొమ్మున్నాది. ఇది డు కదేటే?”

హారిక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మామ్మకి చదువు రాదన్నారు కదా మేడం?”

“సదువు రాదమ్మా. కోసినాను గదా,” అంది అత్త. “ఇలాటి డులు ఎన్ని కోసినానో నెక్క నేదు. కొమ్ము కాడ ఉలి తిప్పడానికి ఎంత కష్టమో నీకేటి తెలుసు!”

హారిక దబ్బనం చాప మీద పెట్టింది. “మామ్మా, మీ పేరు?” అని అడిగింది.

“సింహాచలం.”

ఆ పిల్ల ఏడ్చింది. తర్వాత నా మీద విరుచుకుపడింది. “ఆరు నెలలు మేడం! ఆరు నెలలు నాకు టీ ఇచ్చింది ఆవిడ! నేనేమో ఊళ్ళో రేకులన్నీ వెతుక్కుంటూ తిరిగాను!” నేను అన్నీ పడ్డాను. పడాల్సిందే. జరిగిందంతా అక్కడే, అత్త ఎదురుగానే చెప్పాను. కాంట్రాక్టు కంపెనీ ఆయన సంగతి మాత్రం చెప్పలేదు.

హారిక కళ్ళు తుడుచుకుని పెన్సిలు తీసింది. “కోసినవారు సింహాచలం అని మార్చేద్దాం. గౌరవంగా ఉంటుంది,” అని కాగితం ముక్క మీద రాసి అత్త ముందు పెట్టింది. అత్త దాన్ని ఎగాదిగా చూసింది. “దీనికీ కొమ్మే ఉన్నాది గదే.”

“అది గౌరవం మామ్మా.”

“గౌరవం నానేటి సేసుకుంటానమ్మా? రు అంటే ఎవులైనా అవ్వొచ్చు. మా తమ్ముడు అవ్వొచ్చు, దీని మొగుడు అవ్వొచ్చు. నాకు కొమ్ములొద్దు. కొమ్ము తీసీసి గుడెట్టండి.”

కాగితాలన్నీ అచ్చయిపోయాయి, ఎలా అని హారిక తల పట్టుకుంది. అత్తే దారి చెప్పింది. తప్పు పడిన చోట తెల్లకాగితం ముక్క అతికించి, అట్ట మీద ‘ది’ ఒక్కటీ కోసి, దాని మీంచి సిరా కొట్టాలి. బస్తా మీద తప్పు పడితే అలాగే సేసీవోలం అంది. హారిక సిరా కోసం, జిగురు కోసం బజారుకి వెళ్ళింది. అత్త వేళ్ళు ఇప్పుడు చాకు పట్టవు. నేనే ‘ది’ పెద్దగా రాసుకుని చాకు అందుకున్నాను. నా మణికట్టు మీద అత్త చెయ్యి వేసింది. “గుడి లోపల బొడ్డున్నాది, రాలిపోద్ది. పేగుంచు,” అంది.

సగం కోశాక అడిగాను. తలెత్తకుండా అడిగాను. “అత్తా, నా చిన్నప్పుడు ఒక కంపెనీ ఆయన వచ్చాడు, నీ కోసం. నేను చెప్పింది నీకు వినపడిందా?”

“ఇనపడింది.”

“మరి బయటికి ఎందుకు రాలేదు? ఆయన అడిగింది నిన్నే కదా. వచ్చేస్తే నాన్న మాత్రం ఏం చేసేవాడు?”

“వొద్దామనే నెగిసినాను,” అంది అత్త. “సెయ్యి కడుక్కున్నాను. సీర సర్దుకున్నాను. పరదా మీద సెయ్యి కూడా ఏసినాను. అప్పుడు నువ్వు ఎల్లిపోనాడు అనీసినావు.”

చాకు ఆపేశాను.

“అలా అనీసినాక నాను బైటికొస్తే, ఆ బాబు ముందు నువ్వు అబద్దాలకోరువైపోవా? పదకొండేల్ల గుంటవి. బిక్కసచ్చిపోయి నిలబడ్డావు. పరదా సందులోంచి నీ కాల్లు కనపడతన్నాయి, ఒణికిపోతన్నాయి. మరింక నాకు రాబుద్ది అవ్వలేదు.”

అట్ట మీద గీతలన్నీ అలుక్కుపోయాయి. అత్త తన కొంగు నా చేతిలో పెట్టింది.

“ఏడిస్తే గీత కనపడదు. తుడుసుకుని కొయ్.”

తుడుచుకుని కోశాను.